రెండంగుళాలు తక్కువ

అసలు కంటే రెండంగుళాలు తక్కువ ఉండాలి నకలు.
గ్లాస్గో మ్యూజియం వాళ్ల షరతు. సంతకం పెట్టాను.

సోమవారాలు నాకు సెలవు.
మిగతా రోజులు ల్యాబ్‌లో పింగాణీ పళ్లు చేస్తాను,
ఏ నోటికి ఏ తెలుపు అతుకుతుందో
దీపం లేకపోయినా చెప్పగలను.

ఆ ధీమాతోనే ఈవిడ ముందు కూర్చున్నా.
పేరు లేదు. "నల్లగౌను స్త్రీ" అని రాసుంది, అంతే.
నాలుగొందల ఏళ్లుగా పెదవి విప్పలేదు,
నాకు తెలిసిన తెలుపులన్నీ లోపలే దాచుకుంది.

"ముందు ఆకుపచ్చ వెయ్యి" అంది ఐలా మెక్‌ఫెయిల్.
మొహానికా! మొహానికి నేనెరిగిన పచ్చ
పసుపొక్కటే.
వేశాను. పాచిపట్టిన గచ్చులా తేలింది మనిషి.
వారం ఆరనిచ్చి, నూనెలో పలచన చేసిన గులాబి
గుడ్డతో అద్దితే,
అబ్బ, చెంపకింద ఏదో కదిలింది.

ఐదో సోమవారం ముక్కు పక్క నీడ కుదర్లేదు.
ఓచర్ కలిపా, కాల్చిన సియన్నా కలిపా,
కలిపీ కలిపీ చూద్దును కదా
కత్తి మీద నా మణికట్టు రంగు.
తుడిచేద్దామని గుడ్డ తీశాను.
ఐలా వద్దనలేదు, వెయ్యమనలేదు,
ఫ్లాస్కు మూతలో టీ ఒంపుకుని
వాన పడుతున్న కిటికీ వైపు వెళ్లిపోయింది.

వేశాను.

బడిపిల్లల వరసలోంచి ఒకడు జారుకుని వచ్చి
గోడ మీదామెనీ, నా గుడ్డ మీదామెనీ
మెడ తిప్పి తిప్పి చూశాడు:
"ఈవిడ ఆవిడకి చెల్లెలా?"

అవునన్నాను.
రెండంగుళాలు పొట్టి మరి.