గడి లేనివి

నానక్‌రామ్‌గూడ, ఏడో అంతస్తు. రాత్రి రెండున్నర.
ఇక్కడ ఆదివారం పుట్టింది,
అక్కడ ఇంకా శనివారం ఎండ.
ఏసీ చలికి చున్నీ చెవులదాకా చుట్టుకొని
ఏదో ఊరి కాలేజీ పిల్లలు
కోడిగుడ్డులాంటి బంతితో ఆడే ఆటలో
పాసులు లెక్కపెడుతుంటాను.

విసిరితే ఒక నొక్కు. అందితే ఇంకో నొక్కు.
అందాక జారితే
దానికి వేరే గడి లేదు.
పూర్తి కాలేదు, అంతే.

ఈ వారం ఇద్దరు క్వార్టర్‌బ్యాకుల్లో ఎవడు మేలో తేల్చాలి.
ఏడో నంబరు: నలభైకి ముప్పై ఒకటి, మూడొందల పన్నెండు గజాలు.
పద్నాలుగు: ముప్పై తొమ్మిదికి ఇరవై, రెండొందల ఆరు.
"ఇందులో చూడ్డానికేముంది?" అన్నాడు వినీల్ సార్
నిలబడే.

ఉంది సార్.
ఏడో వాడు మూరెడు దూరం విసిరాడు.
అందుకున్న బక్కపిల్లాడు అరవై గజాలు ఉరికాడు.
ఆ ఉరుకంతా ఏడో వాడి ఖాతాలో పడింది.
పద్నాలుగో వాడు, నలుగురు మీద పడుతుంటే,
ఒంటికాలి మీద నిలబడి
పరుగెత్తేవాడి అరచేతుల్లో పెట్టాడు బంతిని.
చేతులు ఉంచుకోలేదు.
మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.
మూడుసార్లూ జారింది.
నొక్కాను.

ఫ్లాస్కు మూత విప్పుతూ మెహరున్నిసా అంది:
"వాడు నీ మేనల్లుడా ఏంది, గంత బాధపడ్తున్నవ్?"

వాడి ఇంటిపేరు పలకడం కూడా రాదు నాకు.
జారవిడిచినవాడి దగ్గరికి ప్రతిసారీ నడిచెళ్లి
హెల్మెట్ మీద తట్టి వస్తాడు, అది చూశాను.
దానికీ గడి లేదు.

గోడ మీది స్క్రీన్‌లో నేనూ ఉన్నాను:
సుగుణ, గంటకి నూట నలభై నొక్కులు,
తప్పులు నూటికి రెండు.
పోయిన నెల జ్వరంతో నొక్కిన మూడు రాత్రులూ
ఆ రెండులోనే ఎక్కడో ఉన్నాయి.

ఐదున్నరకి క్యాబ్ చిక్కడపల్లి సందు మొదట్లో దింపింది.
పేపర్ పిల్లాడు సైకిల్ దిగకుండానే
చుట్టిన పేపరుని రెండో అంతస్తుకి విసిరాడు
కేబుల్ తీగల కింద నుంచి,
ఆరేసిన చీర అంచు రాసుకుంటూ.
బాల్కనీలో బ్రష్ నోట్లో పెట్టుకున్నామె చెయ్యి చాపింది.
వేళ్లకి తగిలి
సంపు మూత మీద పడింది.

"సక్కగ ఎయ్యరాదా?" నురగతోనే అరిచింది.

వాడు నావైపు చూశాడు.
"నీ తప్పేం లేదు, నేను చూసిన" అన్నాను.
నమ్మాడో లేదో,
అప్పటికే ఇంకో పేపరు చుడుతున్నాడు.