దస్తగిరమ్మ ముక్కు

ఎరుపెక్కింది కదా అని కోయకూడదు గులాబీ కాయను.
వేలు తగిలితే చాలు, తొడిమ తనంతట తాను వదిలేయాల.

వినాయక చవితి మరుసటి రోజు
కడియం నుంచి తెచ్చిన అంటుచెట్టు ఎర్రపువ్వుకు
రెక్కలన్నీ గిల్లి, కేసరాలు కత్తిరించి,
మా అమ్మ నాటిన పన్నీరు గులాబీ పుప్పొడిని
అగ్గిపుల్లకు చుట్టిన దూదితో అద్దినాను.
దారం కట్టినాను. తేదీ రాసుకున్నాను.
పుష్యమాసానికి పదకొండు కాయలు,
నూట పన్నెండు గింజలు.

గింజకు చలి కావాల.
ఎర్రగుంట్లలో చలి యాడిది?
మహబూబ్‌పీరా మందులషాపు ఫ్రిజ్జులో
ఇన్సులిన్ సీసాల పక్కన
తడిగుడ్డలో చుట్టుకొని నలభై రోజులు పండుకున్నాయి.
"ఇవి ఏ జబ్బుకు?" అని ఒకరిద్దరు అడిగినారంట.
పీరా ఏం చెప్పినాడో నాకు చెప్పలేదు.

మొలిచినవి ముప్పై ఎనిమిది.
పాలప్యాకెట్లలో ఎర్రమట్టి, మేకపెంట.
ఒక్కోదాని ముందర ఒక్కో నాపరాయి చెక్క,
దాని మీద తెల్లరంగుతో నంబరు.
ఇరవై రెండేండ్లు పాలిష్ ఫ్యాక్టరీలో బండలు కోసినోణ్ణి,
చెక్కలకేం కరువు.
ఆ పొడి ముక్కులో యాడ కూర్చుందో గానీ
వాసన అనేది ఒకనాడు చెప్పకుండా పోయింది.
పప్పు మాడినా తెలీదు, గ్యాసు లీకైనా తెలీదు,
ఇంగ గులాబీ సంగతి ఏం చెప్పేది!

అందుకే పీకడం కండ్లతో చేస్తా.
బూడిద తెగులు పట్టిందా, పీకు.
ఆకు మీద నల్లమచ్చ, పీకు.
సిమెంటు దుమ్ము పడితే తల వేలాడేసిందా, పీకు.
మొదట్లో ఒక్కోటి పీకినప్పుడు
దాని నంబరు చెక్కను బోర్లా పెట్టేవాణ్ణి.
ఇప్పుడు కడిగి, ఎండబెట్టి, వచ్చే ఏటికి దాస్తా.
ఉగాదికి పద్నాలుగు మిగిలినాయి.
మే నెల ఎండ
నన్నడక్కుండానే ఐదింటిని తీసుకుపోయింది.

అప్పుడొస్తాది దస్తగిరమ్మ.
రైల్వే గేటు కాడ మూరల లెక్కన పూలమ్మే మనిషి.
గంప కిందపెట్టి, కొంగుతో ముక్కు తుడుచుకొని,
ఒక్కో పువ్వు ముందర కండ్లు మూసుకుంటాది.
నేను నోటుబుక్కు తెరిచి నిలబడతా,
పరీక్షల కాగితం చదివే డాక్టరు ముందర రోగి మాదిరి.

"నాలుగా? పచ్చి వంకాయ."
"పదకొండు... కొత్త బడిసంచి."
"పంతొమ్మిదికి వాసన ఉండాది గానీ
నీకు కాదు, నాకు కాదు, చీమలకు."

ఇరవై ఏడు నా ప్రాణం.
నలభై రెక్కలు, లోపల కుంకుమ, అంచున వెన్న,
నాలుగు రోజులైనా రాలదు.
దాని ముందర చానాసేపు వంగింది.
"ఏం లేదు న్నా."
ఇంగోసారి చూడు, అన్నా.
"చూడ్డానికేం, క్యాలెండరు బొమ్మ."

రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.
మూడో రోజు ఇరవై ఏడును కుండీతో సహా ఎత్తుకుపోయి
ఫ్రిజ్జు బాడుగ కింద పీరాకు ఇచ్చేసినా.
వాడు మురిసిపోయి గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నాడు.

ముప్పై మూడును పీకేదానికి అప్పటికే చెయ్యి వేసింటి.
సన్న కొమ్మ, ఐదే రెక్కలు, ఉతికి ఉతికి వెలిసిన రంగు.
"ఆగు" అనింది.
ముక్కు తీసి, మళ్లీ పెట్టి,
"ఇది పువ్వు వాసన కాదు న్నా.
ఎండకు కాలిన బండ మీద చెంబెడు నీళ్లు పోస్తే
వచ్చే చూడు, అది..."
మాట దొరక్క ఆగిపోయింది.

నాకు మాట అక్కరలేదు.
రంపం పండ్ల కింద బండ కాగుతా ఉంటే
పైనుంచి సన్నగా పడే నీటిధార,
పొద్దున ఎనిమిదికి మొదటి కోత.
ఆ వాసన మీదనే ఇరవై రెండేండ్లు బతికింటి.

మూరకు ఎన్ని పడతాయో లెక్కేసి
దస్తగిరమ్మ పెదవి విరిచింది,
"అమ్ముడుపోదులే" అని గంప ఎత్తుకుంది.
నోటుబుక్కులో నేనేమీ రాయలేదు.

సాయంత్రం చెంబు తెచ్చి
సగం మొక్కకు పోసినా,
సగం నంబరు చెక్కకు.