దరువు ఆపినాక

మస్తాన్‌వలి మాస్టారు పాటలన్నీ
ఠావు కాయితం మీద రాసుకొచ్చాడు.
మూడో పాట దగ్గర ఆయన చేతిరాత చిన్నదైపోయింది.
చదవండి మాస్టారూ, అన్నాను.
గొంతు సవరించుకున్నాడు. ఫ్యాను వంక చూశాడు.
"మీరే చదువుకోండి మేడం" అని
కాయితాన్ని బల్ల మీద నా వైపు తోశాడు,
మెమోకి సంజాయిషీ ఇచ్చుకున్నట్టు.

నిన్న సాయంత్రం ఇదే పాటకి
విడవలూరు హైస్కూలు గ్రౌండంతా కాళ్లు కదిపింది.
మండల కబడ్డీ, బాలికల ఫైనలు.
పెంచలయ్య సౌండు బాక్సులు
సైకిల్ స్టాండు రేకుల్ని ఒణికించాయి.
ఎంఈఓ గారు కుర్చీ చేతి మీద వేళ్లతో దరువేశారు.
అబద్ధమెందుకు,
నేనూ చెప్పులో బొటనవేలితో తాళం వేశాను.

రామతీర్థం పిల్లలు గీత దాటి లోపలికొచ్చారు.
మా పిల్లలు గీత బయటే నిలబడిపోయారు.
ముందు పామంజి కావేరి, ఎనిమిదో నెంబరు,
మోకాలికి తెల్లగుడ్డ,
చేతులు కట్టుకుని బాక్సు వైపే చూస్తా.
మాస్టారు ఈల ఊదాడు.
ఈల కూడా పాటలో కలిసిపోయింది.

దగ్గరికెళ్లి చెవి వంచాను.
"రెండో చరణం వినండి మేడం.
ఆడపిల్లని తక్కెట్లో ఎక్కిస్తన్నాడు.
మా యమ్మ పొద్దన్నే రేవులో తూకమేసేది
వంజరాల్ని, కానగంతల్ని.
నన్ను గాదు."

ఆపమన్నాను.
ఆగిన పాట తర్వాత గ్రౌండు ఎంత పెద్దదో తెలిసింది.
రొయ్యల గుంటల మీద మోటార్ల చప్పుడు
అంత దూరం నించీ వినపడింది.
రెండు పాయింట్లతో ఓడిపోయాం.
"పాటే గదమ్మా" అన్నాడు కమిటీ చైర్మను
సోడా తాగుతా,
"పెళ్లికిదే, నిమజ్జనానికిదే,
మీ బడికొచ్చేసరికి మైలపడిందా?"
నాకు జవాబు రాలేదు.
ఇరవయ్యారేళ్లుగా జవాబులు దిద్దుతున్నదాన్ని.

ఇవాళ ఎర్ర పెన్ను తీశాను.
మొత్తం ఇరవై మూడు పాటలు.
దరువు లేకుండా కాయితం మీద పడుకోబెడితే
ఒక్కో మాటా తల దువ్వుకోకుండా
వాకిట్లోకొచ్చినట్టుంది.
కొట్టేశాను. కొట్టేశాను.
పద్దెనిమిదోది
నేను బీఈడీ హాస్టల్లో బకెట్ మీద వాయించుకున్న పాట.
పిల్ల వద్దంటుంటే
వాడు ఒప్పుకున్నట్టే లెక్కేసుకుంటాడు.
అప్పుడు మేమందరం కోరస్‌గా అదే పాడేవాళ్లం.
దాని మీద గీత కాస్త ఆలస్యంగా పడింది,
వంకరగా కూడా.

మిగిలినవి నాలుగు.
"చాలవు మేడం, వార్మప్పే పావుగంట" అన్నాడు మాస్టారు.
పెంచలయ్య ఫోను చేశాడు:
"మేడమా, మాటల్దీసేసి ఒట్టి దరువే ఏసేదా?
అయ్యీ ఉండాయి నా కాడ."
మంచిదే అనుకున్నాం ఇద్దరం.
మధ్యాహ్నం ట్రయల్ వేశాం.

దరువు మొదలైంది,
మాటలుండాల్సిన చోట ఖాళీ వచ్చింది,
పదో తరగతి బి సెక్షను వరండాలోంచి
నలభై గొంతులు
ఆ ఖాళీని పూరించాయి.
ఒక్క అక్షరం తప్పు పోలేదు.
పద్యం ఒక్కటీ ఇట్లా అప్పజెప్పరు.

కాయితం తీసుకుని క్లాసులోకెళ్లాను.
తిట్టలేదు. బెత్తం ఎట్లాగూ లేదు.
అందరికంటే గట్టిగా పాడిన సుధీర్‌ని లేపి
మూడో పాట చదవమన్నాను.
పాడొద్దు, పాఠం చదివినట్టు చదువు.
మొదటి లైను నవ్వుతూ చదివాడు.
రెండో లైనుకి వెనక బెంచీలు నవ్వాయి, వాడు నవ్వలేదు.
కిటికీ పక్క వరసలో కావేరి
నోట్సులో ఏదో రాసుకుంటా ఉంది, తల ఎత్తలేదు.
తక్కెడ దగ్గరికొచ్చేసరికి
వాడి గొంతు మాస్టారి చేతిరాతంత అయిపోయింది.

"కూర్చోనా మేడం?"

బయట పెంచలయ్య వైర్లు చుట్టుకుంటున్నాడు.
వచ్చే శనివారం కోవూరులో డివిజన్ ఆటలు.
అక్కడి బాక్సులు ఎవరివో, కనుక్కోవాలి.

వాడింకా నిలబడే ఉన్నాడు.