పాచి బాట

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.
స్కోరు పుస్తకం ఒళ్ళో పెట్టుకొని
పెదవుల్లోనే లెక్కబెడుతున్న.
బంతి ఇంకా వినోద చేతుల్నే ఉన్నది.

టప్. టప్. టప్.
ఎవ్వరూ తీయని తలుపు కొట్టినట్టు
ఒక్కతే నేలను కొడుతున్నది.
మిగతా నలుగురు
కాజీపేట అవుటర్ల ఆగిన రైలు కిటికీల లెక్క,
తొంగి చూస్తరు గని దిగరు.
మూలకు నుస్రత్ జడకున్న రబ్బరుబ్యాండు సవరించుకుంటది.
ఈశ్వరమ్మ చేతులెత్తింది,
కాళ్ళెత్తలే.

ఇరవై నాలుగు.
గుడ్డిగ ఇసిరిన బంతి బోర్డుకు గూడ తాకలే.

'ఊపిరి చాలుతలేదు మీకు' అన్నడు సాంబయ్య సారు.
తొమ్మిది పొద్దులు భద్రకాళి కట్ట మీద ఉరికినం.
ఊపిరి పెరిగింది.
నిలబడుడు తగ్గలే.

వినోదకు స్వార్థం అంటరు హాస్టల్ల.
పాత పేజీలు తిప్పి చూసిన, అట్ల లేదు.
పోయినేడు కరీంనగర్ల
ఆఖరి బంతి నుస్రత్ తప్పింది.
వచ్చేటప్పుడు బస్సుల ఎవ్వరూ ఒక్క మాటనలే,
హుజూరాబాద్ దాటినా, ఎల్కతుర్తి దాటినా.
తిట్టినా బాగుండు.
అప్పటిసంది నుస్రత్ చేతికొచ్చిన బంతి
నిప్పుకణికె లెక్క వెనక్కి పోతది.
ఆమెను చూసి ఈశ్వరమ్మ, ఆమెను చూసి తేజోవతి.
తప్పు తమ పేరు మీద పడొద్దని
అందరు గలిసి ఒక్క పిల్లకు అప్పజెప్పిండ్రు.
దానికి మేం పెట్టుకున్న పేరు నమ్మకం.

నన్ను గూడ కలుపుకొనే చెప్తున్న.
పెన్సిలు పట్టుకొని కూసున్నదానికి
తప్పే బంతి ఏముంటది?

కొత్తవాడల మా ఇంట్లె
దర్రీ మగ్గం మీద నాయిన, చిన్నాయిన
పక్కపక్కకే కూసుంటరు.
జాగ పంచాయితితోని
ఆర్నెల్లు ఇద్దరికి మాటల్లేవు.
అయినా పేక నూలు ఆగలే.
చిన్నాయిన చెయ్యి యాడున్నదో నాయిన చూడడు,
వచ్చే చోటికి పంపుతడు.
చూసి పంపితే
అంచు ముడుచుకుంటదంటడు.

ఆదివారం వాన ఎలిసినంక
కోర్టు ఊడ్వ పోయిన.
సిమెంటు మీద పాచి.
మావోళ్ళు నిలబడే ఐదు చోట్ల మాత్రం
ఐదు తెల్లటి గుండ్రాలు,
బంతిల పళ్ళేలు పెట్టి లేపినట్టు.
బుట్ట కిందికెల్లి మూలకు పోయే బాట
పచ్చపచ్చగ,
ఒక్క బూటు అచ్చు లేదు.
సారును పిలిచి చూపెట్టిన.
చాలసేపు చూసి, పార కోసం పోయిండు.
తిరిగొచ్చేసరికి మళ్ళ వాన.

బుధవారం మ్యాచ్‌ల తేజోవతి మడమ మడతబడ్డది.
బెంచీ మీద ఇంకెవ్వరు లేరు.
పుస్తకం అటెండర్ కొంరయ్యకిచ్చి
లోపలికి పోయిన.

బంతి అడగలే.
బంతి దిక్కు చూడలే.
పాచి మీదికెల్లి ఉరికిన
జారిన
మోకాలు గీసుకపోయింది,
ఆ సప్పుడుకు అవతలి పిల్లలిద్దరు నా దిక్కు తిరిగిండ్రు.
కింద పడి చూస్తే
నుస్రత్ ఒక్కతే, చుట్టు ఎవ్వరు లేరు,
వినోద ఎప్పుడు ఇడిసిందో గని
బంతి ఆమె చేతులకొచ్చింది.
వెనక్కియ్యబోయింది.
ఇద్దామంటే నిలబడ్డోళ్ళు లేరు.

పదకొండు పాయింట్లతోని ఓడినం.
మా ముప్పై ఎనిమిదిల రెండు
నా చేతిరాత గాదు.
కొంరయ్య వంకరటింకర రాసిండు,
నుస్రత్ పేరుల ఒత్తు తప్పు.
దిద్దుదామని రబ్బరు తీసి
మళ్ళ సంచిల ఏసుకున్న.
మోకాలి మీద పచ్చ మరక
సబ్బుకు పోతలేదు.