మూడో అంతస్తులో కొక్కేలు

డీన్‌గారికి శుక్రవారంలోగా పట్టిక కావాలి:
ఇరవై ఏళ్లలో అకౌంటింగ్ పీహెచ్‌డీలో
చేరినవారెందరు, పట్టా పుచ్చుకున్నవారెందరు.

నేను ప్రొఫెసర్ని కాను.
ఈ విభాగంలో తాళంచెవులు నావి, కాగితాలు నావి,
మొరాయించే కాఫీ మెషీన్ నాది.
కిటికీ అవతల నార్త్ డకోటా
మైనస్ ఇరవై ఆరులో కొయ్యబారి ఉంది.

చేరిన ప్రతివారికీ ఒక కప్పు ఇస్తాం,
అడుగున పేరు రాసి కొక్కేనికి తగిలిస్తాం.
పట్టా వచ్చిన రోజున ఇంటికి పట్టుకుపోవాలి.
ఈ ఆనవాయితీ ఎవరు పెట్టారో తెలీదు,
నేను వచ్చేసరికే గోడకి ముప్పై కొక్కేలు.

ఒకప్పుడు ఏటా ఆరుగురు.
తర్వాత నలుగురు.
ఒక ఏడు ఎవరూ రాలేదు,
సున్నా చుట్టాను, గుండ్రంగా, శ్రద్ధగా.
ఈ ఏడు ఒక్కతే, మారిట్ ఎంగెబ్రెట్‌సన్.
బిస్మార్క్‌లో ఆడిటర్ జీతం వదులుకుని
అందులో మూడోవంతుకి వచ్చింది.
సెమినార్‌లో ఎదురుగా నలుగురు ప్రొఫెసర్లు;
ఆమె దగ్గినా ప్రశ్నే అనుకుంటారు.

చేరినవారు అరవై మూడు.
పట్టా పొందినవారు నలభై ఒకటి.
చదువుతున్నవారు అయిదు.
మిగతా పదిహేడుగురికి
డీన్‌గారి పట్టికలో గడి లేదు.
రాని బాకీ కింద కొట్టెయ్, అంటాడు మా ఛైర్మన్.
నవ్వుతూనే అంటాడు.
పదిహేడు కప్పులు గోడ మీదే ఉన్నాయి,
నెలకోసారి దుమ్ము తుడిచేది నేనే.

మధ్యాహ్నం, బూట్ల మంచు దులుపుకుంటూ
టోబియస్ రాస్క్ వచ్చాడు.
తన పరిశోధన చూసే మూడో ప్రొఫెసర్ కూడా
వేరే ఊరికి ఉద్యోగం మారాక,
ఎనభై పేజీల దగ్గర ఆపేసి వెళ్లినవాడు.
ఇప్పుడు మైనట్‌లో గోధుమ రైతుల సంఘానికి
లెక్కలు రాస్తాడట. రోడ్డు మూసేశారట.
"ఆర్డిస్, కాఫీ ఉందా?"
అంటూనే గోడ దగ్గరికి వెళ్లి
ఒక్కో కప్పూ తిప్పి అడుగు చూశాడు.
తనది దొరికేదాకా నేనేం మాట్లాడలేదు.

మారిట్ వచ్చి కూర్చుంది.
గాదెలో తేమ ఆరి గోధుమ తూకం తగ్గితే
ఆ తరుగు ఏ పద్దులో రాస్తారని అడిగింది.
అతను లేచి బోర్డు తుడిచాడు.
చీకటి పడేదాకా సుద్దముక్క చప్పుడు,
మధ్యమధ్య ఇద్దరూ ఒకేసారి "కాదు, కాదు."

రోడ్డు తెరిచారని ఫోనొచ్చింది.
కప్పు కడిగాడు, తుడిచాడు,
వేరే ఎవరి కొక్కేనికో తగిలించి వెళ్లాడు.

నేను సవరించలేదు.
పట్టిక ఇంకా నా బల్లమీదే ఉంది.
ఇవాళ గురువారం.