చీటీలంక

కాకినాడ రికార్డు గదిలో మూడో రోజు.
చెదలు మిగిల్చిన కోరంగి దస్త్రంలో
ఓడ పేరుంది, సారంగు పేరుంది,
చిరిగిన తెరచాప ఖరీదుంది.
ఆ కింద:
ఆడపిల్ల ఒకటి. ఈడు పన్నెండు.
ఆరు కుంచాల నూకలు.
పక్కన ఏదో ఉంటే
పేరేమోనని భూతద్దం పెట్టాను.
సిరా మరక.

పంటు దాటి లంకకెళ్లాను.
నేతల దేవవరం పొగాకు తోరణాలు కడుతున్నాడు.
"పదమూడు కొంపల పాలేర్లండి,
వరద రాత్రి ఈదొచ్చేసి
ఈ ఇసకమేటెక్కారు.
ఇప్పుడు మీరు నిలబడ్డచోటు కాదు లెండి,
అది ఎప్పుడో ఏట్లో కలిసిపోయింది."

"మరి అప్పు చీటీలు?"
పెన్ను మూత తీశాను.

"కామందు పెట్టెలోంచి ఎత్తుకొచ్చారు కదండీ!
నానేసి, మెంతిపిండి కలిపి రుబ్బి
మా ముత్తవ్వ చేటకి మెత్తేసింది. ఆయ్.
చేట పాడైనప్పుడల్లా ఆ గుజ్జే నానబెట్టి
కొత్తదానికి మెత్తుతాం."

కోడలు కరుణమ్మ చేట తెచ్చి చేతిలో పెట్టింది.
బరువు లేదు. మెంతి వాసన.
గోటితో గీకితే
ఒక్క అక్షరమైనా బయటపడేదేమో.

"ఇలా ఇవ్వండి, పొయ్యి మీద ఎసరు మరుగుతోంది,"
అని లాక్కుని
నూకలు పోసి
చెరగడం మొదలెట్టింది.