ఏడో పెట్టె

పండు చెడ్డ సంగతి ముందు వేలికి తెలుస్తుంది,
తర్వాతే కంటికి.
తొక్క కింద ఒక మెత్తన,
పసిబిడ్డ మాడులా.

పదకొండేళ్లుగా సూస్ లోయలో
కమలాలు ఏరుతున్నాను.
బెల్టు నా ముందునుంచి పోతూనే ఉంటుంది,
నేనెక్కడికీ పోను.
మంచివి ఓడకి,
మచ్చవి సంతకి,
మెత్తబడ్డవి గోతికి.

బూజు మొదట తెల్లగా వస్తుంది, మంచిదానిలా.
మూడోనాటికి పచ్చపొడి.
ఊదితే లేచి పక్కపండు మీద వాలి
ఎక్కడైనా గీత ఉందా అని వెతుక్కుంటుంది.
గీత ఎప్పుడూ ఉంటుంది.
కోసిన కత్తెరదో, మోసిన గంపదో,
తొందరపడ్డ చేతిదో.

దానికి మందు నీలం డ్రమ్ములో ఉంటుంది.
నాకు చదవడం రాదు.
పుర్రెబొమ్మకి చదువక్కర్లేదు.
ఆ నీళ్లలో మునిగిన పండ్లు ఏరి ఏరి
అరచేతుల్లో రేఖలు అరిగాయి.
చెయ్యి చూసి చెప్పేవాడొకడు
డబ్బు తిరిగిచ్చేశాడు.
ఇంటికెళ్లి బిడ్డని ఎత్తుకునేముందు
మోచేతులదాకా సబ్బు, రెండుసార్లు.
అంత మందూ బూజుకి అలవాటైపోయింది,
మా ఆయనకి నా తిట్లలా.

పిన్ని తూదా కొండమీద అజుక్ని కోస్తుంది.
జానెడు మొక్క, రాళ్ల సందున మొండిగా బతికేది.
నలిపితే వాములాంటి ఘాటు,
జలుబు తలుపు తీసుకుని పారిపోతుంది.
గాడిదమోపు ఆకు రాగికాగులో కూరి
కింద మంట, పైన చన్నీళ్ల గొట్టం,
పొద్దుపొడుపునుంచి పొద్దుగూకేదాకా కాస్తే
టీగ్లాసుడు నూనె.
నిండుగా కూడా కాదు.
పిన్ని దాన్ని పంటినొప్పికి అమ్ముతుంది.
ఎక్కువ పూస్తే నోరు కాలుతుందని
ముందే చెప్పి మరీ అమ్ముతుంది.

అగాదిర్ నుంచి తిలెల్లి వచ్చింది,
కళ్లజోడు పిల్ల, చేతిలో గాజుపళ్లేలు.
ఒకదాంట్లో బూజు తివాచీ పరిచింది.
రెండోదాంట్లో పిన్ని నూనె,
సూదిమొన మీద ఆగేంత.
చుట్టూ ఎవరో గిరిగీసినట్టు ఖాళీ.
బూజు గిరి దాటలేదు.
నేను పళ్లెం వంక కాదు,
ఆ పిల్ల మొహం వంక చూశాను.
గాజులో గెలిస్తే మనిషి
ఇలా వెలుగుతుందన్నమాట.

పండు గాజు కాదు.
మొదటి పెట్టెలో నూనె ఎక్కువై తొక్క కమిలింది,
ఇస్త్రీపెట్టె మరిచినట్టు.
రెండోదాంట్లో తక్కువై బూజు పండగ చేసుకుంది.
మూడోది బాగుంది. కొనేవాడు ముక్కు దగ్గర పెట్టుకుని
దగ్గుమందా అన్నాడు.
నాలుగు, ఐదు, ఆరు.
తిలెల్లి మైనం కలిపింది, పాళ్లు మార్చింది,
మాట్లాడటం తగ్గించింది.

ఏడోదానికి నేనే అడిగాను,
నూనె నీది, కోత నాది అని.
తొడిమ దగ్గర కత్తెర తిప్పి,
గోరు తగలకుండా,
గంపలో పడెయ్యకుండా, పెట్టి.
యాభై పండ్లకి ఒక పూట పట్టింది.
మేస్త్రీ బిహీ గడియారం చూపించాడు.
నేను పండు చూపించాను.

ఇరవైఆరో రోజు మూత తీశాం.
మూడు పోయాయి.
నలభైయేడు ఉన్నాయి.
నూనె ఎన్ని చుక్కలో పుస్తకంలో రాసుకుంది తిలెల్లి.
చెయ్యి గురించి అడిగితే నవ్వింది.
దాన్ని కొలిచే గొట్టం లేదట.

పిన్నికి కబురు చెప్తే
సంతోషించలేదు. అడిగింది:
ఓడెడు పండ్లకి ఎన్ని కొండలు గొరగాలే?
వేళ్లతో పీక్కుపోతారు మీవాళ్లు,
నాకు తెలుసు.
జవాబు నా దగ్గర లేదు.
నీలం డ్రమ్ము ఇంకా అక్కడే ఉంది,
మూతమీద ఎవరో టీ పెట్టుకున్నారు.

ఆ రాత్రి ఏడో పెట్టెలో ఒకటి ఇంటికి తెచ్చాను.
ఒలిచాను. తొక్కమీద కాస్త ఘాటు,
లోపల ఎప్పటి తీపే.
తొన తీసి బిడ్డ నోట్లో పెట్టాక
గుర్తొచ్చింది,
చేతులు కడుక్కోలేదని.